మొరాయించిన నట్టు

మా యింట ఒక పాత అంబాసిడరు కారు ఉన్నది. 2014లో ఉత్తరపరా కర్మాగారమున ఆ కార్ల తయారీ నిలిచిపోయినది గాని, మా బండి మాత్రము నిలిచిపోలేదు. అప్పుడప్పుడు నిలుచుచుండును, అది వేరు సంగతి.

గత వేసవిలో మా అమ్మాయిని పరీక్షకై విశాఖపట్టణమునకు తీసికొనిపోవుచుండగా, అనకాపల్లి దాటిన పిదప వెనుక చక్రమున గాలి పోయినది. స్టెప్నీ ఉన్నది, జాకీ ఉన్నది, కావలసినంత వ్యవధియు ఉన్నది. నింపాదిగా బండిని జాకీపై లేపి నట్లు విప్పనారంభించితిని. ఒక్కటి తప్ప అన్నియు వచ్చినవి. ఆ ఒక్కదానిపై స్పానరు తగిలించి, రెండు కాళ్లతోను దానిపై నిలుచుంటిని. స్పానరు జారినది. నట్టు మూలలు అరిగినవి. నా మోకాలు రోడ్డుకు కొట్టుకొన్నది. ఇవన్నియు స్వల్ప విషయములు. బండి జాకీపై ఒక ఊపు ఊగినది; ఆ సమయమున మా అమ్మాయి, ఊడిన నట్లు ఏరుటకై, చక్రము ప్రక్కనే గొంతు కూర్చుండియున్నది. ఆ ఊపు తలచుకొన్నచో నాకిప్పటికిని నిద్ర పట్టదు.

"నాన్నా, బస్సు వస్తోంది, నేను వెళ్లిపోతాను" అని ఆమె బస్సెక్కినది; పరీక్ష వేళకు అందుకొన్నది. నేను, నట్టు మిగిలితిమి.

కొంతసేపటికి ఒక లారీ ఆగినది. దాని క్లీనరు ఇరువది యేండ్లు నిండని కుర్రవాడు. మొదట నట్టును చూడలేదు, జాకీని చూచెను. "ముందు బండి దించండి సార్. చక్రం నేల మీద ఉండగానే నట్లు వదులు చెయ్యాలి" అనెను. తరువాత నా స్పానరును చేతిలోనికి తీసికొని, "ఇది మీ బండి సైజు కాదు" అనెను.

అతడు చెప్పినది నిజము. అంబాసిడరు ఇంగ్లండులోని మారిస్ ఆక్స్‌ఫర్డు కారును అనుసరించి చేసిన బండి. ఆ పాత బండ్ల నట్లు అంగుళముల లెక్కవి. నేను కొన్న స్పానర్ల పెట్టె మిల్లీమీటర్లది. అర అంగుళమనగా 12.7 మిల్లీమీటర్లు. 13 నంబరు స్పానరు దానికి సరిగా పట్టినట్లే తోచును. కాని మిగిలిన ఆ 0.3 సందులోనే నట్టు మూలలు నలిగిపోవును. ఆరు పలకలను చుట్టి పట్టుకొను రింగు స్పానరో బాక్సు స్పానరో వాడవలెను గాని, రెండు పలకలను మాత్రమే పట్టు నోటి స్పానరు ఇట్టి పనికి తగదు.

క్లీనరు తన బాక్సు స్పానరు తగిలించి, దాని పిడికి ఒక ఇనుప గొట్టము తొడిగెను. అడుగు పొడవు పిడి కొనపై 20 కిలోల బరువు చేయు పనిని, రెండడుగుల పిడిపై 10 కిలోల బరువే చేయును. అతడు ముందుగా నట్టు తలపై సుత్తితో నాలుగు దెబ్బలు వేసి, పిమ్మట విప్పుటకు మారుగా రవంత బిగించెను! నాకు ఆశ్చర్యమైనది. ఆ తరువాత వెనుకకు త్రిప్పగా టక్కుమని శబ్దమై నట్టు కదలినది.

ఇందలి రహస్యము తుప్పులో ఉన్నది. ఇనుము తుప్పుగా మారినప్పుడు మునుపటికంటె ఎక్కువ చోటు ఆక్రమించును. మరల నడుమ సందులేమో మిక్కిలి సన్ననివి. వానిలో తుప్పు ఉబ్బి, సున్నము కూరినట్లు బిగిసిపోవును. సముద్రపు ఉప్పుగాలి తగులు మా ప్రాంతమున ఇది మరింత త్వరగా జరుగును. సుత్తి దెబ్బయు, ముందు వెనుకల కదలికయు ఆ తుప్పును పొడి చేయును.

ఇంటివద్ద తీరిక ఉన్నచో నూనెను మించిన సాధనము లేదు. కిరసనాయిలులో కొంచెము ఇంజను ఆయిలు కలిపి మరలపై వేసి రాత్రియంతయు ఉంచవలెను. నేడు అందరును కొను డబ్ల్యూడీ-40 డబ్బాకు చిత్రమైన చరిత్ర కలదు. 1953లో అమెరికాలోని శాండియాగో నగరమున రాకెట్ల లోహమునకు తేమ తగిలి తుప్పు పట్టకుండుటకై దానిని కనుగొనిరి. నలుబదవ ప్రయత్నమున ఫలించుటచే ఆ అంకె పేరులో నిలిచినది. అయితే చక్రము నట్లకు ఏ నూనె వేసినను బ్రేకు డ్రమ్ములోనికి పోనీయరాదు. బిగించుటకు ముందు మరలను పొడిగుడ్డతో తుడువవలెను.

నూనెకును లొంగనిచో వేడి. 12 మిల్లీమీటర్ల రంధ్రము గల ఉక్కు నట్టును 200 డిగ్రీల మేర వేడి చేసినచో రంధ్రము సుమారు 0.03 మిల్లీమీటరు పెద్దదగును. ఇది వెండ్రుకవాసిలో సగము, అంతమాత్రము చాలును. కాని మంటతో పని షెడ్డులోని మేస్త్రీకి విడిచిపెట్టుడు. చక్రమునకు అంటించిన మంట వలన టైరే పేలవచ్చును. పెట్రోలు గొట్టములు, బ్రేకు రబ్బరు గొట్టములు ఉన్నచోట అగ్గిపుల్లయు వెలిగింపరాదు.

మరియొక పొరపాటు చెప్పుటకు సిగ్గుపడుచున్నాను. ఒకసారి పైనుండి వంగి, క్రిందికి తల ఉన్న బోల్టును విప్పబోయి, పావుగంట సేపు దానిని బిగించితిని. తుదకు తల తెగి చేతికి వచ్చినది. బోల్టు తలకు ఎదురుగా ఉన్నట్లు ఊహించుకొని గడియారపు ముల్లునకు వ్యతిరేకముగా త్రిప్పవలెను. సైకిలు ఎడమ పెడలు వంటి ఎడమ మరలు దీనికి మినహాయింపు.

నట్లు తిరిగి బిగించునప్పుడు మొదట వ్రేళ్లతోనే మర ఎక్కించి, పిదప ఎదురెదురు నట్లను వరుసగా బిగించవలెను. కాలితో త్రొక్కి బిగించినచో మరుసటి పంక్చరునాడు మరల ఇదే కథ. క్లీనరు వెళ్లుచు, "కొంత దూరం పోయాక ఇంకోసారి చూసుకోండి సార్" అని చెప్పెను. 80 కిలోమీటర్లు తిరిగిన పిదప చూడగా రెండు నట్లు పావుచుట్టు చొప్పున బిగిసినవి.