సోయాచిక్కుడు – పురుషుల యారోగ్యము

  

మూత్రాశయము క్రిందనుండు ప్రోస్టేటు గ్రంథికి ముదిమిలో క్యాన్సరు సోకవచ్చును. సోయాచిక్కుడు దానిని మాన్పునని కొందఱును, పురుషత్వమునకు చెఱుపని కొందఱును వచింతురు. రెండును అతిశయోక్తులే.

జపానునందు 43,509 మంది పురుషులను పరిశీలించి 2007లో ప్రకటించిన ఫలితములలో, సోయాసారమగు ఐసోఫ్లేవోనులను అధికముగా భుజించినవారికి గ్రంథిని దాటని క్యాన్సరు తక్కువగా కన్పట్టెను. ముదిరిన క్యాన్సరున కట్టి మేలు కానరాలేదు. శస్త్రచికిత్స పొందినవారు దినమునకు 20 గ్రాముల సోయా మాంసకృత్తును రెండేండ్లు సేవించినను రోగము మరలుట తగ్గలేదని 2013లో అమెరికా వైద్యులు తెలిపిరి.

కావున సోయాను పప్పువలె చక్కగా నుడికించి భుజింపుడు. అంగళ్లలో దొరకు మీల్‌మేకరును కూరగా వండుకొనుడు. ఔషధమని మాత్రము నమ్మకుడు.

రాత్రి పలుమాఱు మూత్రమునకు లేచుట, ధార సన్నగిలుట వయసుతో గ్రంథి పెరిగినను గలుగును. క్యాన్సరో కాదో వైద్యుడే తేల్పవలెను. తొలిదశలో ఏ సూచనయు నుండకపోవచ్చును. తండ్రికిగాని సోదరునికిగాని ఈ రోగమున్నచో తక్కినవారి కపాయము హెచ్చు. సిగ్గుచే దాచిన తండ్రి కుమారునికి హెచ్చరిక లేకుండ చేసినవాడగును. అట్టివారు పి.ఎస్.ఎ. రక్తపరీక్షనుగూర్చి వైద్యు నడుగవలెను.

మగ్గముపై తెగిన పోగును మనము వెంటనే యతుకుదుము. దేహమునెడలను అట్లే మెలగుదము గాక!