మతి తప్పిన పెద్దలకు ఆశ్రయము



మా తల్లిగారికి డిమెన్షియా పట్టి ఆఱేండ్లయినది. ఇది వార్ధక్యసహజమైన మఱపు గాదు, మెదడు క్షీణించు వ్యాధి. 1906లో జర్మను వైద్యుడు అల్జైమరు వెల్లడించిన రోగమే దీనికి ముఖ్యకారణము. ఆమె రాత్రులందు తలుపు తీసికొని వీధినబడి పోవుచుండగా, ఇంట కాపాడజాలక శుశ్రూషాలయమును వెదకితిమి.

మొదట చూచినచోట నేల యద్దమువలె మెఱయుచుండెను. కాని యొక వృద్ధురాలు కుర్చీకి కట్టబడి యుండెను. వెనుదిరిగితిమి. రెండవ చోటికి ముందుగా తెలుపకయే సంధ్యవేళ పోయితిమి; ఇట్టి రోగులకు కలత తఱచుగా హెచ్చునది యా వేళనే. అచ్చటి పరిచారిక, “అమ్మగారికి ఏ కూర యిష్టము? ఏ పేరున పిలిచిన పలుకుదురు?” అని మమ్మడిగెను. అచ్చటనే చేర్చితిమి.

కావున గోడలను గాక, సేవచేయు చేతులను చూడుడు. రాత్రి యెందఱు మేల్కొనియుందురో, పడిపోయినచో వైద్యుడెంతలో వచ్చునో యడుగుడు.

తల్లిని వదలించుకొంటిమని బంధువులు మమ్మాడిపోసికొనిరి. 2007 నాటి వృద్ధసంరక్షణ చట్టము శిక్షించునది వృద్ధులను విడనాడుటనే గాని, సేవకై చేర్చుటను గాదు. మేము ప్రత్యాదివారమును పోవుచున్నాము. ఆమె మమ్మెఱుగరు, కలిపి పెట్టిన ముద్దను మాత్రము తినుచున్నారు.

మన సంఘమువా రిట్టి కుటుంబములను నిందింపక, వంతులు వేసికొని యా పెద్దలను చూచి వత్తురుగాక! చూడవచ్చువారున్నచోట శుశ్రూష సడలదు.