మా కుట్టు కేంద్రానికి ప్యానెల్ కప్పు వేసిన కథ
(మండల సమాఖ్య వార్షిక మహాజన సభలో కోశాధికారి ప్రసంగ పాఠం)



జమా ఖర్చుల పట్టిక ఇప్పుడే చదివి వినిపించారు. అందులో "కుట్టు కేంద్రం కప్పు మార్పిడి" అనే పద్దు వచ్చినప్పుడు వెనక వరసల్లో గుసగుసలు వినపడ్డాయి. న్యాయమే. మామూలు రేకులతో అయ్యే పనికి రెండింతలకు పైగా పెట్టాం. ఆ డబ్బు మీ అందరిది. ఎందుకు పెట్టాం, ఎక్కడ మోసపోబోయాం, ఇంటికో దుకాణానికో ఇలాంటి కప్పు వేసుకుంటామని అప్పు అడిగేవాళ్లు ఏం చూసుకోవాలి, ఇవన్నీ చెప్పమని అధ్యక్షురాలు నన్ను నిలబెట్టారు.

మన కేంద్రం 60 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు ఉన్న షెడ్డు. 30 మిషన్లు. మనకు పెద్ద పని బడిపిల్లల యూనిఫాంలు. జూన్‌లో బడులు తెరిచేలోపు ఇవ్వాలి. అంటే ఏప్రిల్, మే నెలల్లోనే కుట్టాలి. ఏడాది మొత్తంలో పని ఎక్కువ ఉండేదీ, ఎండ ఎక్కువ ఉండేదీ ఒక్కటే కాలం. ఒంటి రేకు కింద పన్నెండు దాటితే మిషన్ చక్రం మీద చెయ్యి పెట్టలేం. ఫ్యాను తిరుగుతుంది గానీ పైనున్న వేడిగాలిని తెచ్చి నెత్తి మీద పోస్తుంది. తెల్ల చొక్కా బట్ట చెమట చేతుల్లో మరకలైపోతుంది. రెండేళ్ల కింద ఒక చెల్లె మిషన్ మీదనే కళ్లు తిరిగి పడిపోయింది, మీలో చాలామందికి తెలుసు. అప్పటి నుంచి పన్నెండు నుంచి నాలుగు దాకా మిషన్లు ఆపేస్తున్నాం. మనది కుట్టిన జతకే కూలి. మిషన్ ఆగితే కూలి ఆగినట్టే.

రేకుల కింద ఎందుకంత మంట? ఇనుము పలచగా ఉంటుంది, ఎండకు ఇట్టే కాలుతుంది. కాలిన రేకు పెనం లాంటిది. పెనాన్ని ముట్టుకోకున్నా దగ్గర చెయ్యి పెడితే సెగ తగులుతుంది కదా, ఆ సెగే పైనుంచి మన తలల మీద పడుతుంది. అందుకే ఎన్ని ఫ్యాన్లు పెట్టినా లాభం లేకపోయింది.

ఇక ప్యానెల్ అంటే ఏమిటో చెప్తాను. మన భక్షం తెలుసు కదా. పైన పిండి, కింద పిండి, మధ్యలో పూర్ణం. ఇదీ అంతే. పైన రంగు రేకు, కింద రంగు రేకు, మధ్యలో వేడిని ఆపే సరుకు. ఆ సరుకు ముఖ్యంగా మూడు రకాలు. థర్మోకోల్ ఒకటి. పఫ్ అని పిలిచే పాలీయురెథేన్ నురుగు ఇంకొకటి. రాక్‌ఊల్ మూడోది, రాయిని కరిగించి దూది పింజలా తీసిన పీచు అది. పైకి మూడూ ఒకేలా కనిపిస్తాయి. ధర మాత్రం లోపలి పూర్ణాన్ని బట్టి ఉంటుంది. మందం 30 మిల్లీమీటర్ల నుంచి 100 దాకా దొరుకుతాయి. మేము వేసింది 50, అంటే రెండంగుళాలు.

రెండంగుళాలు ఏం ఆపుతుందని నేనూ నవ్వాను. ఇంజినీరు సారు కాగితం మీద లెక్క వేసి చూపించారు. రెండంగుళాల మంచి పఫ్ ఆపినంత వేడిని వట్టి కాంక్రీటుతో ఆపాలంటే పదడుగులకు మించిన మందం కావాలట. స్లాబు ఇంట్లో సాయంత్రానికి ఎందుకు ఉడికిపోతామో నాకు అప్పుడు అర్థమైంది. అదే పని థర్మోకోల్‌తో చేయించాలంటే మూడంగుళాలకు పైన ఉండాలి. కాబట్టి "రెండూ యాభై మిల్లీమీటర్లే మేడం, ఒకటే" అని ఎవరన్నా అంటే ఒకటి కాదని తెలుసుకోండి.

మోసపోబోయామన్నది ఇక్కడే. మూడు కొటేషన్లు తీసుకున్నాం. అన్నిటికన్నా తక్కువ రాసినవాళ్లకు ఆర్డర్ ఇచ్చాం. కాగితం మీద "ఇన్సులేటెడ్ ప్యానెల్ 50 మి.మీ." అని మాత్రమే ఉంది. లోపల ఏ సరుకో రాయలేదు, మేమూ అడగలేదు. నోటితో పఫ్ అన్నారు, మేము చెవితో నమ్మాం. సగం డబ్బు చెక్కు ఇచ్చాం. ఆ చెక్కు మీద నా సంతకం కూడా ఉంది.

లారీ వచ్చిన రోజు కటింగ్ మాస్టర్ అక్క ప్యానెల్ అంచును గోటితో గీకింది. తెల్లగా మరమరాల్లాగా గుండ్లు గుండ్లు రాలాయి. "ఇదేందక్కా, టీవీ డబ్బాల వచ్చే థర్మోకోల్ తీరు ఉన్నది" అన్నది. పఫ్ అట్లా రాలదు. లేత పసుపు రంగులో, సన్నని రంధ్రాలతో, మైసూర్‌పాక్ ముక్కలా ఉంటుంది. లారీని దింపనివ్వలేదు. డ్రైవరు అరిచాడు, వాళ్ల మేనేజరు ఫోన్‌లో గట్టిగా మాట్లాడాడు. మేము పదిహేను మందిమి గేటుకు అడ్డం కూర్చున్నాం. చివరికి సరుకు వాపసు పోయింది. అడ్వాన్సు వెనక్కి రావడానికి మూడు వారాలు తిరిగాం. ఆ మూడు వారాలూ పాత రేకులు విప్పేసిన షెడ్డు ఆకాశం కింద అట్లాగే ఉంది. మిషన్లు అద్దె హాలులో పెట్టి కుట్టాం. ఆ అద్దె కూడా పట్టికలో ఉంది, చూడండి. అది మా తొందరపాటుకు కట్టిన జరిమానా.

రెండోసారి కొన్నప్పుడు అక్షరం అక్షరం రాయించాం. లోపల పఫ్, ఘనపు మీటరుకు 40 కిలోల సాంద్రత, పైరేకూ కిందిరేకూ అర మిల్లీమీటరు, స్క్రూలు, రబ్బరు వాషర్లు, శిఖరం మీది మూత, కొసల మూతలు, బిగింపు కూలి, జీఎస్టీ కలిపిన ధర. సాంద్రత అంటే భయపడకండి. దాన్ని కిరాణా కాటా మీద తూయవచ్చు. అడుగు పొడవు, అడుగు వెడల్పు, రెండంగుళాల మందం ఉన్న ముక్క తీసుకుని, అటూ ఇటూ రేకులు ఒలిచేసి, నురుగు మాత్రం తూయండి. 180 నుంచి 190 గ్రాములు ఉండాలి. నూరు గ్రాములే తూగితే అది పలచన సరుకు. నాకు ఈ లెక్క చాలా నచ్చింది. బెల్లం తూచి కొనేవాళ్లం, కప్పును ఎందుకు తూయకూడదు?

రంగు దగ్గర చిన్న గొడవైంది. సగం మంది నీలం అన్నారు, బాగుంటుందని. నేనూ నీలం వైపే ఉన్నాను. ఇంజినీరు సారు తెల్లదే వేయాలన్నారు. తెల్ల రేకు ఎండను వెనక్కి కొడుతుంది, ముదురు రంగు మింగుతుంది. తెలుపే వేశాం. దుమ్ము పడితే కనపడుతుంది, నిజమే. ఏడాదికి రెండుసార్లు కడిగితే చాలు.

మొదటి వానకు కారింది. అది కూడా దాచను. రేకు గట్ల మీద కొట్టాల్సిన స్క్రూలను, బిగించడానికి వచ్చిన పిల్లవాడు కొన్నిచోట్ల నీళ్లు పారే గాడిలో కొట్టాడు. కత్తిరించి పెట్టిన రెండు కట్టల బట్ట తడిసింది. మళ్లీ పిలిపించి సరిచేయించి, ఆ తర్వాతే చివరి చెక్కు ఇచ్చాం. అందుకే ఒక వాన పడేదాకా కొంత డబ్బు చేతిలో ఉంచుకోవాలి. కొసల మూతలు కూడా వదలొద్దు. నురుగు తెరిచి ఉంటే ఎలుకలు తొలుచుకుని కాపురం పెడతాయి. కోతుల మాట చాలామంది అడుగుతున్నారు. అర మిల్లీమీటరు రేకు కాబట్టి ఇప్పటిదాకా దూకితే చప్పుడే గానీ సొట్ట పడలేదు. పెంకుటిళ్ల వాళ్లకు ఆ మాట వింటేనే ప్రాణం లేచొస్తుంది.

గాలి సంగతి మాత్రం నవ్వులాట కాదు. ఈ కప్పు తేలిక, చదరపు అడుగుకు కిలో లోపు. అదే దాని సుగుణం, అదే దాని ప్రమాదం. మన దేశపు నిర్మాణ ప్రమాణాల్లో హైదరాబాద్‌కు గాలి వేగం సెకనుకు 44 మీటర్లు, విశాఖపట్నానికి 50 మీటర్లు లెక్క కట్టమని ఉంది. 44 మీటర్లంటే గంటకు 158 కిలోమీటర్లు. మే నెల గాలిదుమారంలో రేకులు ఎగిరిపోయిన ఇళ్లు మీరందరూ చూశారు. దూలాలు, వాటిని గోడకు పట్టించే బోల్టులు సరిగా లేకుండా పైన ఎంత ఖరీదు ప్యానెల్ వేసినా దండగే. పాత దూలాల మీదే వేయొచ్చా అని ఒకసారి తెలిసినవాళ్లతో చూపించుకోండి.

కప్పు పడ్డాక ఏమైంది? మొదటి మధ్యాహ్నం లోపలికి పోయి నిలబడితే నెత్తి మీద సెగ లేదు. అది చాలు అనుకున్నాం. కానీ వారం తర్వాత మూడు గంటలకు మళ్లీ ఉక్కపోత మొదలైంది. కారణం మా ఇస్త్రీ బల్ల. ప్యానెల్ బయటి వేడిని రానివ్వదు, లోపలి వేడిని పోనివ్వదు కూడా. నాలుగు ఇస్త్రీపెట్టెలు, ముప్పై మందిమి, మా ఊపిరి, ఆవిరి అంతా లోపలే. ఇస్త్రీ బల్లను వరండాలోకి మార్చాం, పడమటి గోడకు పైన రెండు ఎగ్జాస్టు ఫ్యాన్లు పెట్టాం. పడమటి గోడకు ఎండ తగలకుండా తడకల పందిరి వేశాం. అప్పుడు కుదిరింది. మే నెలలో కూడా మిషన్లు ఆపలేదు, ఒక్క భోజనానికి తప్ప.

మామూలు రేకుల మీద అదనంగా అయింది 1,90,000. మధ్యాహ్నం పోయే గంటల కూలి మనిషికి నూటయాభై అనుకుంటే, ముప్పై మందికి రోజుకు 4,500. నలభై మూడు రోజుల పనికి ఆ అదనం తిరిగొస్తుంది. అయితే ఇది సమాఖ్య ఖాతాలోకి వచ్చే డబ్బు కాదు, కుట్టే అక్కల చేతికి వచ్చేది. అందుకే పట్టికలో ఖర్చు కనపడుతుంది, లాభం కనపడదు.

ఇక మంటల గురించి. పచ్చళ్ల యూనిట్ అక్కలు, క్యాంటీన్ నడిపే అక్కలు, కాస్త చెవి పెట్టండి. థర్మోకోల్ వేడికి కరిగి మండుతూ బొట్లు బొట్లుగా కింద పడుతుంది. పఫ్ కూడా అంటుకుంటుంది, దాని పొగ విషం. రాక్‌ఊల్ మండదు. 2017 జూన్ 14న లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ అనే పెద్ద నివాస భవనం కాలి 72 మంది చనిపోయారు. అక్కడిది కప్పు కాదు, గోడలకు బయట తొడిగిన తొడుగు. రెండు అల్యూమినియం రేకుల మధ్య మండే ప్లాస్టిక్ ఉంది. పైకి లోహమే కనిపించింది. పొయ్యిలు, నూనె మూకుళ్లు ఉన్నచోట ధర ఎక్కువైనా, బరువు ఎక్కువైనా రాక్‌ఊలే వేయాలని నా మాట. అది తడవకుండా చూసుకోవాలి. దాని ఖర్చు భరించలేమంటే, పొయ్యి మీద ఒంటి రేకే ఉండనివ్వండి, పొగ పోయే దారి పెద్దది పెట్టండి. ఏ ప్యానెల్ అయినా సరే, బిగించాక దాని దగ్గర వెల్డింగ్ చేయనివ్వొద్దు. కరెంటు వైరును నురుగులోంచి లాగనివ్వొద్దు, పైపులో వేసి బయటి నుంచే తీసుకుపోవాలి.

ఇళ్లకు అడిగేవాళ్ల దరఖాస్తులు ఇప్పటికే వచ్చాయి. స్లాబు మీద ఒక గది లేపుకోవాలనుకునేవాళ్లకు ఇది పనికొస్తుంది. నాలుగున్నర అంగుళాల స్లాబు అడుగుకు పాతిక కిలోలకు పైన బరువు, ఇది కిలో. కింది గోడల మీద భారం తగ్గుతుంది. కానీ పగలంతా కూలికి పోయి రాత్రి పడుకోవడానికే ఇంటికి వచ్చేవాళ్లు, ఇప్పటికే ఒక అప్పు నడుస్తున్నవాళ్లు, దీని కోసం ఇంకో అప్పు తీయొద్దు. ముందు కప్పు మీద తెల్ల రంగు వేసి చూడండి. అహ్మదాబాద్ బస్తీల్లో ఆడవాళ్ల ఇళ్లకు అదే వేయించారు. మన తెలంగాణలో కూడా 2023 నుంచి 2028 దాకా చల్లని కప్పుల విధానం ఉంది. పెద్ద కట్టడాలకు నియమం, చిన్న ఇళ్లకు ఇష్టం. ఖర్చు తక్కువ, మీ చేతులతో మీరే వేసుకోవచ్చు. ఒక ఎండకాలం చూశాక కూడా ఇల్లు ఉడుకుతుంటే అప్పుడు ప్యానెల్ మాట మాట్లాడదాం.

పాత సిమెంటు రేకులు విప్పేవాళ్లకు ఒక జాగ్రత్త. వాటిలో ఆస్బెస్టాస్ నార ఉంటుంది. దాని ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే ఏళ్ల తర్వాత క్యాన్సర్ తెస్తుంది. పగలగొట్టకండి, కోయకండి. నీళ్లు చల్లి తడిపి, ముక్కుకు మాస్కు కట్టుకుని, నిండు రేకులుగా దించండి. ముక్కలను బాటకు మొరంలా వేయకండి. పిల్లలు ఆడుకునే చోట అసలే వద్దు.

మూడు రకాల ముక్కలూ, మేము రెండోసారి రాయించిన కొటేషన్ జిరాక్సూ సమాఖ్య ఆఫీసు బీరువాలో ఉన్నాయి. అప్పు దరఖాస్తు రాసేముందు వచ్చి చేత్తో పట్టుకుని, గోటితో గీకి చూడండి. కాటా కూడా అక్కడే పెట్టాం. తాళం అకౌంటెంట్ దగ్గర ఉంటుంది.