అవ్వల ఒడిలో బతికిన భాష

 

నేను బడిపంతుల్ని. పిల్లోడి నోటి మాటను బడిలో కొట్టి చంపితే ఏమవుతుందో, దాన్ని మళ్లీ ఎవరు బతికించారో చెప్తాను. ఇది న్యూజిలాండ్ దేశపు మూలవాసులు మావోరీల కథ.

1840 ఫిబ్రవరి 6న వైటాంగీలో తెల్లవాళ్లు మావోరీ పెద్దలతో ఒప్పందం చేసుకున్నారు. కాగితాలు రెండు. ఇంగ్లీషు కాగితంలో సర్వాధికారం రాణిదని రాశారు. మావోరీ కాగితంలో రాణికి పాలన మాత్రమే, భూముల మీద, ఊళ్ల మీద పెత్తనం పెద్దలదే అని రాశారు. పెద్దలు దాదాపు అందరూ సంతకం చేసింది మావోరీ కాగితం మీదే. అమలు చేసింది ఇంగ్లీషుది!

భూములు పోయాయి. తర్వాత నాలుక వంతు. 1867 చట్టం మావోరీ పిల్లల బడుల్లో ఇంగ్లీషును బోధనాభాష చేసింది. సొంతభాష మాట్లాడిన పిల్లల్ని కొట్టారు. దెబ్బలు తిన్న పిల్లలు తల్లిదండ్రులయ్యాక, 'మా బిడ్డలకీ దెబ్బలెందుకు' అని ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడారు. బెత్తం బడిలో ఆగలేదు, ఇంట్లోకి నడిచొచ్చింది. 1970ల నాటికి ఆ భాష ధారాళంగా వచ్చింది ఎక్కువగా ముసలివాళ్లకే.

అప్పుడు చదువుకున్న యువకులు లేచారు. 1972 సెప్టెంబర్ 14న 30 వేలకు పైగా సంతకాలు పార్లమెంటుకు మోశారు. మా భాష బడిలో చెప్పండన్నారు. 1975లో 79 ఏళ్ల అవ్వ ఫీనా కూపర్ భూమి కోసం సుమారు 1,000 కిలోమీటర్ల పాదయాత్రకు ముందు నిలిచింది.

1982లో వెల్లింగ్టన్ దగ్గర మొదటి 'కోహంగా రేయో' పెట్టారు. అంటే భాషా గూడు. భాష వచ్చిన అవ్వలు, మాటలు నేర్చే పసిబిడ్డలు ఒకచోట. గూట్లో మావోరీ తప్ప వేరే మాట లేదు. గూళ్లు వందలయ్యాయి. ఆ పిల్లల కోసం 1985లో ఆక్లండ్‌లో మావోరీ బడి తెరిచారు. సర్కారు దాన్ని అధికార భాష చేసిందెప్పుడు? 1987లో! అవ్వలు ముందు నడిచారు, చట్టం వెనక వచ్చింది.

పోరు ఆగలేదు. ఒప్పందానికి కొత్త అర్థం చెప్పే బిల్లు మీద 2024 నవంబర్‌లో వేలాదిగా నడిచారు. 2025 ఏప్రిల్‌లో ఆ బిల్లు 112–11 ఓట్లతో ఓడింది.

మన పిల్లలకు ఇంగ్లీషు వద్దని నేననను. కావాలి. మావోరీలు కూడా దాన్ని వదల్లేదు. కానీ వాడ పిల్లోడు ఇంట్లో మాట్లాడినట్టే బడిలో మాట్లాడితే, 'సరిగ్గా పలకరా' అని నేనే ఎన్నిసార్లు కసురుకున్నానో! అదీ బెత్తమే. ఇవాళ మీ ముందు దాన్ని కింద పెడుతున్నా. మీ అవ్వల మాటను మీరు పిల్లలకు ఇయ్యండి. బడిలో దానికి చోటు నేనిస్తా.