స్పోర్ట్స్ కారు స్ప్రింగులు: గట్టితనమూ, పట్టూ

స్పోర్ట్స్ కారు కొన్న యువకుడు మొట్టమొదట మార్చదలచునది తరచుగా దాని స్ప్రింగులనే. కంపెనీవారు బిగించినవి మెత్తనివనియు, బజారులో విడిగా దొరకు గట్టి స్ప్రింగులు వేసి కారును నేలకు దింపినచో మలుపులలో అది జారక నిలుచుననియు ఒక నమ్మకము ప్రబలియున్నది. ఈ నమ్మకములో కొంత నిజము లేకపోలేదు. కాని ఆ కొంత ఎంతయో తెలియక, వేలకు వేలు పోసి మంచి కారును చెడగొట్టుకొనువారు పెక్కురు. పోయినది డబ్బు మాత్రమే అయినచో చింత లేదు. వానపడిన దారిలో వెనుకచక్రములు ఉన్నట్టుండి జారినప్పుడు కారులోనివారి ప్రాణములు కూడ ఆ స్ప్రింగులపైననే ఆధారపడియుండును. కనుక ఒక్క కారును ఉదాహరణముగా గైకొని ఈ సంగతిని విచారింతము.

ఆ కారు జపానువారి మాజ్దా ఎం.ఎక్స్.-5. అమెరికాలో దీనికి మియాటా అని పేరు. 1989 ఫిబ్రవరిలో షికాగో నగరపు మోటారు ప్రదర్శనములో దీనిని మొదట లోకమునకు చూపిరి. ఇద్దరు మాత్రమే కూర్చుండదగిన చిన్న బండి, పైకప్పు మడిచివేయవచ్చును, బరువు వేయి కిలోలకు మించదు. దీని రూపకల్పనకు పెద్దగా వ్యవహరించిన ఇంజనీరు తోషిహికో హిరాయ్. రౌతూ గుఱ్ఱమూ ఒకే దేహమైనట్లుండుట అను అర్థముగల ఒక జపాను మాటను వారు తమ పనికి గురిగా పెట్టుకొనిరి. 2016 నాటికి ఇట్టి కార్లు పది లక్షలు తయారైనవి. ఇందు ప్రతి చక్రమును పైన ఒకటి, క్రింద ఒకటి చొప్పున రెండు చేతులు పట్టియుండును. ఆ చేతుల మొదళ్లలోని బోల్టులను త్రిప్పి చక్రపు వాలును, దిశను సవరించుకొనవచ్చును. ఇంటి ముంగిట పనిముట్లు పరచుకొని కూర్చుండువారికి ఇంతకంటె అనువైన బండి అరుదు. అందుచేతనే దీనికి విడిభాగములు అమ్మువారి సంఖ్యయు మిక్కుటమైనది.

ఈ కారుకు ఒక పూర్వికుడు కలడు. 1962లో ఇంగ్లండులో కాలిన్ చాప్‌మన్ తన లోటస్ సంస్థనుండి వెలువరించిన ఎలాన్ అను కారది. దాని స్ప్రింగులు మెత్తనివి. అయినను మలుపులలో దానిని మించిన కారు ఆనాడు అరుదని చెప్పుకొనిరి. గట్టితనమే పట్టు అగునేని ఎలాన్‌కు ఆ పేరు ఎట్లు వచ్చెను? ప్రశ్న ఇచ్చటనే మొదలగుచున్నది.

స్ప్రింగు చేయు పని యేమి? గతుకు వచ్చినప్పుడు చక్రము పైకి లేచుటకు చోటిచ్చి, వెంటనే దానిని మరల నేలకు నొక్కుట. టైరు నేలను విడిచిన క్షణమున ఎంత గొప్ప కారైనను గాలిలో విసరిన రాయియే. మెత్తని స్ప్రింగుపై కారు మెల్లగా ఊగును, గట్టిదానిపై వడిగా ఊగును. ఇంటిల్లిపాదియు ప్రయాణము చేయు కార్లు నిమిషమునకు 60 నుండి 90 మారులు ఊగునట్లు అమర్చబడుట వాడుక. దారిపై నడపదగిన స్పోర్ట్స్ కారునకు 90 నుండి 120 వరకు ఒప్పును. అంతకు మించినది పందెపు బాటల నున్నని తారునకే తగును.

ఇందొక లెక్క కలదు. ఊపు రెట్టింపు కావలెనన్న స్ప్రింగు నాలుగు రెట్లు గట్టిదై యుండవలెను. ఒక్కొక్క మూల స్ప్రింగు 230 కిలోల బరువు మోయుచున్నదనుకొందము. నిమిషమునకు 90 ఊపులకు చక్రమువద్ద మిల్లీమీటరుకు సుమారు 2 కిలోల గట్టితనము చాలును. 120 ఊపులకు సుమారు 3.7 కిలోలు కావలెను. చక్రమువద్ద అని మేము ప్రత్యేకించి చెప్పుటకు కారణమున్నది. చక్రము 10 మిల్లీమీటర్లు లేచినప్పుడు స్ప్రింగు 7 మిల్లీమీటర్లే అణగునట్టి అమరికలో, స్ప్రింగు గట్టితనములో ఇంచుమించు సగమే చక్రమునకు అందును. అంగడివాడు పెట్టెపై అచ్చువేసిన అంకె స్ప్రింగుది, చక్రముది కాదు. ఒక కారునకు సరిపోయిన అంకెను మరియొక కారునకు పెట్టి చూచుకొనువారు ఇచ్చటనే పొరబడుదురు.

ఇక అసలు సంగతికి వత్తము. కారు మలుపు తిరుగునప్పుడు లోపలి చక్రములపై బరువు తగ్గి బయటి చక్రములపైకి చేరును. గట్టి స్ప్రింగులు వేసినచో ఈ బరువు మారుట ఆగునని చాలమంది తలంతురు. అది నిజము కాదు. ఎంత బరువు మారునన్నది కారు బరువును, గరిమనాభి ఎత్తును, రెండు చక్రముల నడుమ వెడల్పును, మలుపు తీవ్రతను బట్టి యుండును. స్ప్రింగులు గట్టిపడినచో కారు ఒరుగుట తగ్గును. మారు బరువు మాత్రము దాదాపు అంతయే.

అటులైన స్ప్రింగుల చేతిలో నున్నదేమి? ఆ మారు బరువులో ముందు చక్రముల జంట ఎంత మోయవలెను, వెనుక జంట ఎంత మోయవలెనను పంపకము. టైరుకు ఒక గుణము కలదు: బరువు పెరిగినకొలది పట్టు పెరుగును గాని, బరువు పెరిగినంతగా పెరుగదు. లెక్క సులువుకై, 250 కిలోల చొప్పున మోయు రెండు టైర్లు కలిసి 500 పాళ్ల పట్టు నిచ్చుచున్నవనుకొందము. ఒకదానిపై 400, మరియొకదానిపై 100 పడినచో మొత్తము 480 పాళ్లకు దిగవచ్చును. బయటి టైరు సంపాదించినదానికంటె లోపలి టైరు పోగొట్టుకొనినది ఎక్కువ. కాబట్టి ముందువైపును మాత్రమే గట్టిపరచినచో ముందుటైర్ల పట్టు తగ్గి, స్టీరింగు త్రిప్పినను కారు తిన్నగా పోజూచును. దీనిని అండర్‌స్టీర్ అందురు. వెనుకవైపును మాత్రమే గట్టిపరచినచో వెనుకభాగము బయటికి జారజూచును. ఇది ఓవర్‌స్టీర్. ఒరుగుటను ఆపు అడ్డకడ్డీ, అనగా యాంటీ రోల్ బారు, చేయు పనియు ఈ పంపకమే. ఒక మిల్లీమీటరు లావైన కడ్డీ కూడ కారు నడకను మార్చివేయును; కడ్డీ గట్టితనము దాని వ్యాసపు నాలుగవ ఘాతమునుబట్టి పెరుగును గదా.

కారును దింపుట యొక పెద్ద ఆకర్షణ. కంటికి అందముగా నుండునని మేమును ఒప్పుకొందుము. గరిమనాభి క్రిందికి దిగుటచేత బరువు మారుట కొంత తగ్గునన్న మాటయు నిజమే. కాని ఎం.ఎక్స్.-5 వంటి కారులో చక్రము పైకి లేచుటకు ఉన్న చోటు మొదటనే స్వల్పము. దానిలో 40 మిల్లీమీటర్లు దింపుడుకే వెచ్చించినచో మిగులునదేమి? ఆ కొనలో బంప్ స్టాప్ అను రబ్బరు ముద్ద యుండును. చక్రము దానిని తాకిన క్షణమున స్ప్రింగు పని ముగిసి, గట్టితనము ఒక్కసారిగా ఎన్నో రెట్లు పెరుగును. మలుపు నడుమ బయటి వెనుకచక్రము ఇట్లు తాకినచో ఇంతకుముందు చెప్పిన పంపకము రెప్పపాటులో తలక్రిందులై వెనుకటైరు జారును. డ్రైవరు తన చేతివాటమును నిందించుకొనును. దోషము రబ్బరు ముద్దది. అంతేగాక, దింపినకొద్దీ చక్రమును పట్టిన చేతులు పైకి వాలి, కారు ఒరుగుటకు ఇరుసైన బిందువు గరిమనాభికంటె ఎక్కువగా క్రిందికి పోవుట తరచుగా జరుగును. అప్పుడు దింపిన కారు మునుపటికంటె ఎక్కువగా ఒరుగజూచును.

చక్రము ఎంత లేచుచున్నదో తెలిసికొనుటకు యంత్రము లక్కరలేదు. షాక్ అబ్సార్బరు కడ్డీకి, తీగలు కట్టు నైలాను పట్టీ నొకదానిని చుట్టి క్రిందికి జార్చి, అలవాటైన దారిలో ఒక చుట్టు తిరిగి రావలెను. పట్టీ ఎచ్చట ఆగియున్నదో అంతవరకు కడ్డీ లోనికి పోయినదన్నమాట. అది రబ్బరు ముద్దకు ఆనుకొనియున్నచో కారును కొంత పైకి లేపుడు. మా అభిప్రాయములో 25 మిల్లీమీటర్లకు మించి దింపుట దారిపై నడుపు కారునకు అనవసరము.

స్ప్రింగుకంటె ముందు డబ్బు పెట్టదగినది షాక్ అబ్సార్బరుపైన. దీనికే డాంపరని మరియొక పేరు. స్ప్రింగు ఊపును అణచుట దీని పని. హాలండుకు చెందిన కోనీ, జర్మనీకి చెందిన బిల్‌స్టీన్, స్వీడనుకు చెందిన ఓలిన్స్ ఈ సరకునకు పేరుగాంచినవి. కొన్నింటికి పైన ఒక మర యుండును. కోనీ వారి పసుపురంగు రకములో ఆ మర స్ప్రింగు తిరిగి సాగునప్పటి నిరోధమును మాత్రమే మార్చును, అణగునప్పటిది మారదు. డాంపరు ప్రభావము కారు కదలిక మారుచున్న వేళలలోనే కనబడును: బ్రేకు నొక్కునప్పుడు, స్టీరింగు త్రిప్పునప్పుడు, మలుపునుండి వెలువడునప్పుడు. మలుపు నడుమ కారు నిలకడగా తిరుగుచుండగా జారుచున్నదనుకొనుడు. అప్పుడు మరను త్రిప్పి లాభము లేదు. కడ్డీనో, చక్రపు వాలునో, టైరు గాలినో చూడవలెను. ఈ ఒక్క వివక్షతోనే సగము తిప్పలు తప్పును. మరను అతిగా బిగించుటయు చెరుపే. గతుకునుండి చక్రము క్రిందికి దిగులోపల మరియొక గతుకు వచ్చి, కారు కొంచెము కొంచెముగా క్రుంగి, తుదకు ఆ రబ్బరు ముద్దపైననే కూర్చుండును.

అమెరికాలో ఎస్.సి.సి.ఎ. అను మోటారు క్రీడాసంస్థ విశాలమైన తారు మైదానములలో రబ్బరు శంకువులు నిలిపి, ఒక్కొక్క కారును విడివిడిగా గడియారమునకు ఎదురు నడిపించును. అందు స్ట్రీట్ అను తరగతివారు స్ప్రింగులను మార్చరాదు. షాక్ అబ్సార్బరులను మార్చవచ్చును. కంపెనీవారి మెత్తని స్ప్రింగులతోనే, మంచి డాంపరులతోను, నిబంధనలకు లోబడిన చక్రపు వాలుతోను ఆ పోటీదారులు చూపు వేగము చూచినవారికి గట్టితనముపై మోజు కొంత తగ్గును.

చక్రపు వాలును గూర్చి రెండు మాటలు చాలును. చక్రపు పైభాగము ఒకటి, ఒకటిన్నర డిగ్రీలు లోనికి వాలియున్నచో మలుపులో టైరు అడుగు నిండుగా నేలను తాకును. ఎక్కువైనచో లోపలి అంచు త్వరగా అరుగును. వెనుకచక్రముల ముందుకొనలు ఇసుమంత లోనికి తిరిగియుండుట స్థిరత్వమునకు మేలు. అవి బయటికి తిరిగినచో ఆ కారును వానలో నడుపకుండుటయే మంచిది.

సర్దుకొను స్ప్రింగు పీటలున్న అమరికలలో మరియొక చిక్కు కలదు. నాలుగు కోళ్ల మంచములో ఒక కోడు క్రింద చెక్క పెట్టి చూడుడు: ఆ మూలయు, దానికి ఐమూలగా నున్న మూలయు బరువు మోయును, తక్కిన రెండును తేలిపోవును. కారును అంతే. నాలుగు ఎత్తులును కొలబద్దతో సమానముగా నున్నంత మాత్రమున బరువులు సమానమని అనుకొనరాదు. నాలుగు చక్రముల క్రింద నాలుగు తూకపు పలకలుంచి, డ్రైవరు స్థానములో అతనికి సమానమైన బరువునుంచి, ఐమూల జంటల బరువులు సగము సగము వచ్చువరకు పీటలను త్రిప్పవలెను. లేనిచో కారు కుడివైపు ఒక విధముగాను, ఎడమవైపు ఒక విధముగాను తిరుగును.

మన దేశములో ఇట్టి మార్పులు తలపెట్టువారు చట్టమును కూడ చూచుకొనవలెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను ప్రకారము, తయారీదారు నిర్ణయించి రిజిస్ట్రేషను పత్రములో వ్రాసిన వివరములకు భిన్నముగా వాహనమును మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనిని నొక్కి చెప్పెను. జపానులో తనిఖీకి వచ్చిన కారు నేలకు 9 సెంటీమీటర్ల ఎత్తుననైనను ఉండవలెను. మన వీధులలోని స్పీడు బ్రేకర్లు ఇంతకంటె కఠినమైన తనిఖీదారులు!

పని చేయించుకొనువారు మెకానిక్కును ఒక్క సంగతి అడుగవలెను. చేతుల మొదళ్లలోని రబ్బరు బుషింగుల బోల్టులను, కారు జాకీపై వ్రేలాడుచుండగా బిగించినాడా, చక్రములపై నిలిచిన తరువాత బిగించినాడా? వ్రేలాడుచుండగా బిగించినచో, కారు నేలకు దిగిన వెంటనే రబ్బరు మెలిపడి అట్లే నిలిచిపోవును. కారు ఎత్తుగా నిలుచును, బిరుసుగా నడచును, రబ్బరు త్వరలో చినుగును. యజమాని దానిని క్రొత్త స్ప్రింగుల గుణమనుకొనును. బోల్టులు వదులుచేసి, కారును దింపి ఒక్కసారి ఊపి, మరల బిగించుట ఒక గంట పని.

పరీక్ష చేయునప్పుడు ఒక్కమారు ఒక్క మార్పునే చేయవలెను. టైరు గాలి ఎంతయో, మర ఎన్ని చుట్లు తిరిగినదో, దారి పొడిగా నున్నదో తడిగా నున్నదో పుస్తకములో వ్రాసికొనవలెను. ప్రారంభమునకు ముందున్న కొలతలు మొదటి పుటలో నుండవలెను. విప్పిన పాత స్ప్రింగులను, బంప్ స్టాపులను సంచిలో కట్టి అటకపై భద్రపరుపవలెను. మూడు నెలల పిమ్మట వానికొరకు అటక యెక్కువారు మీరనుకొనుదానికంటె ఎక్కువమందియే.