జలపాతం దాకా నడుద్దాం, ఊరిని పలకరిస్తూ

 

మా పాలకొల్లు హాస్టల్లో మైదానంలో పెరిగిన ఎరుకల, యానాది పిల్లలున్నారు. ఏజెన్సీ నుంచి చదువుకోడానికి వచ్చిన కోయ, కొండరెడ్డి పిల్లలూ ఉన్నారు. సెలవులొస్తే అందరిదీ ఒకటే మాట: మారేడుమిల్లి వెళ్దాం, జలపాతాలు చూద్దాం! తప్పకుండా వెళ్దాం. ఎలా వెళ్లాలో ముందు మాట్లాడుకుందాం.

1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక మన తాతముత్తాతలకు అడవిలో స్వేచ్ఛగా తిరగడం, పోడు కొట్టుకోవడం కష్టమైంది. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట గాం గంటం దొర, మల్లు దొర నిలబడటానికి ఆ ఆంక్షలూ ఒక కారణం. అంటే, మనం సరదాగా నడిచే ఆ దారుల కోసం మనవాళ్లు ప్రాణాలిచ్చారు. రంపచోడవరం దగ్గర రంప జలపాతం చూసినప్పుడు, ఆ పోరాటానికి పేరిచ్చిన ఊరు ఇదేనని గుర్తుంచుకోండి.

పాపికొండల అడవి 2008లో జాతీయ పార్కయింది. అడవి చుట్టూ మనవాళ్ల ఊళ్లున్నాయి. 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభకు అడవిని కాపాడుకునే అధికారమిచ్చింది. కాబట్టి అక్కడ మనం అతిథులం. ప్లాస్టిక్ సీసాలు, మందు సీసాలు వదిలి రావడం అతిథుల పని కాదు.

రాజమండ్రి, గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి చేరతాం. అక్కడి నుంచి భద్రాచలం రోడ్డులో వెళ్తే అమృతధార. వానలు వెనకపట్టాక వెళ్లండి. ఊరివాళ్లలో ఒకరిని దారి చూపమనండి, వారి కూలి వారికివ్వండి. మనమున్నచోట ఎండ కాస్తున్నా పైకొండల్లో వాన పడితే వాగు ఒక్కసారిగా పొంగుతుంది. నీళ్లు ఎర్రబడినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా వెంటనే గట్టెక్కాలి. నాచురాళ్ల మీద నిలబడి సెల్ఫీలొద్దు. మిమ్మల్ని పంపిన అమ్మానాన్నలకు మేము జవాబు చెప్పాలి.

ఇంకొక మాట. హాస్టల్లో చేరిన కొన్నేళ్లకే ఇంటి భాష మరచిపోతున్న పిల్లల్ని చూస్తున్నాం. కోయలో ఏరు అంటే నీళ్లు. ఇలాంటి మాటలు అక్కడి అవ్వలకు తెలుసు. వాగు పేరు, చెట్టు పేరు, అది దేనికి పనికొస్తుందో అడగండి, నోటుబుక్కులో రాసుకోండి. ఒక్కొక్కరు పది పేర్లు తెస్తే హాస్టల్ గోడపత్రికలో వేద్దాం. కోయ, కొండరెడ్డి పిల్లలు చెప్తుంటే ఎరుకల, యానాది పిల్లలు నేర్చుకుంటారు. వాళ్ల మాటలు వీళ్లూ నేర్చుకుంటారు.

ఈసారి సెలవుల్లో వెళ్లేవాళ్లు ముందే పేర్లివ్వండి. కలిసి బయల్దేరదాం.

జై ఆదివాసీ!