కందిచేనులో పాత విత్తనం విలువ



మగ్గాల చప్పుడు మధ్య పెరిగిన దాజీ పేట్ వాసులకు కందిపంటను గురించి చెప్పడమేమిటని మీకు అనిపించవచ్చును. కాని ఈ కథ మనకు దగ్గరిదే. 1972లో హైదరాబాదు సమీపాన పటాన్‌చెరులో ఇక్రిశాట్ పరిశోధనా సంస్థ ఏర్పడినది. 1975లో అది మెట్టరైతుల జీవనాన్ని పరిశీలించుటకు గ్రామాలను ఎంచుకొన్నప్పుడు, మన పెద్దలలో పలువురు విడిచివచ్చిన పాలమూరు జిల్లాలోని ఔరేపల్లి, దోకూరులతోపాటు మన షోలాపూరు జిల్లాలోని శిరాపూర్, కల్మన్ గ్రామాలను కూడా ఎన్నుకొన్నది.

కందికి పెద్ద శత్రువు ఎండుతెగులు. నేలలోని శిలీంధ్రం వేళ్లగుండా ప్రవేశించి నీటినాళాలను మూసివేస్తుంది. పూత, కాత వేళకు మొక్క నిలువునా ఎండుతుంది. ఆ శిలీంధ్రం ఏళ్ల తరబడి నేలలోనే ఉంటుంది. చేనంతా ఒకే స్వభావం గల మొక్కలైతే, ఒకదానిని చంపిన తెగులు అన్నిటినీ చంపుతుంది. పడుగు పోసిన నూలంతా ఒకే నాసిరకమైతే చద్దరు ఎంతకాలం నిలుస్తుందో మీకు తెలియనిది కాదు.

శాస్త్రజ్ఞులు తెగులు నిండిన మడులలోనే వేలాది నమూనాలను విత్తి, బ్రతికిన వాటిని ఏరినారు. మహారాష్ట్ర రైతుల పాత విత్తనం నుండి అట్లు ఎంపికైనదే ‘మారుతి’ వంగడం. 1986లో కర్ణాటకలో విడుదలై, మన పొరుగున గుల్బర్గా ప్రాంతపు రైతులను ఆదుకొన్నది. తరువాత సంకరణ ద్వారా వచ్చిన ‘ఆశ’ ఎండుతెగులును, వెర్రితెగులును రెండింటినీ తట్టుకొన్నది. 2011లో కంది జన్యుపటాన్ని ఆవిష్కరించినప్పుడు ఈ ‘ఆశ’నే పరిశీలించినారు. కందికి అడవిబంధువైన ఒక మొక్క సహాయంతో పురుషవంధ్యత్వం గల కంది లభించగా, దానివలన సంకర కంది సాధ్యమై 2010లో మధ్యప్రదేశ్‌లో విడుదలైనది. ‘మన్నెంకొండ కంది’ 2015లో తెలంగాణకు వచ్చినది.

అయితే ఒక చిక్కు ఉన్నది. మేలైన వంగడం రాగానే రైతు పాతదానిని విడిచిపెడతాడు. అది అతని తప్పు కాదు. కాని రేపటి తెగులుకు మందు ఆ విడిచిన విత్తనంలోనే ఉండవచ్చును. పటాన్‌చెరు విత్తననిధిలో 13 వేలకు పైగా కంది నమూనాలు భద్రంగా ఉన్నవి. అక్కడికి చేరనివి ఎన్నో!

మా అవ్వ ఊరినుండి తెచ్చి, బూడిద కలిపి కుండలో దాచిన కందులను, ఆమె పోయిన ఏడు మేము పప్పు వండుకొని తిన్నాము. ఆ విత్తనం పేరైనా నేను అడుగలేదు. ఇప్పుడు చెప్పువారు లేరు.

కావున విద్యార్థులకు నా మనవి ఒక్కటే. సెలవులకు స్వగ్రామం వెళ్లినప్పుడు, పెద్దలు దాచిన పాత కంది, పెసర, ఉలవ విత్తనాల పేరు, అవి పండే నేల, పంటకాలం, రుచి అడిగి వ్రాసికొనండి. గుప్పెడు గింజలు తెచ్చి ఉపాధ్యాయులకు ఇవ్వండి. డెబ్బది ఐదేండ్లు తెలుగు అక్షరాన్ని కాపాడిన ఈ బడికి విత్తనాన్ని కాపాడడం కొత్త పని కాబోదు.